రెండో చిల్లు

రబ్బరు బంతి మంచిదో కాదో తేల్చడానికి ఒక మనిషిని జీతమిచ్చి కూర్చోబెడతారని ఆ వీధిలో గది అద్దెకు తీసుకునేదాకా నాకు తెలియదు. నేను చాలా ఊళ్లు తిరిగాను. గంటలు పోతపోసే వాడలో ఉన్నాను. రేకు డబ్బాలు సాగగొట్టే సందులో ఉన్నాను. ఒక ఊళ్లో అద్దాలు కోసే దుకాణం మీద కాపురం పెట్టి, ఆ కరకరకు పళ్లు పులిసి, పుస్తకాలు మూటగట్టుకుని పారిపోయాను. కానీ పొద్దున లేచింది మొదలు, ఎవరో పిచ్చుకల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని నొక్కి వదులుతున్నట్టు వినిపించే వీధి మాత్రం అదొక్కటే.

నా గది కింద కార్ఖానా. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి. పొడుగాటి హాలు, రెండు ప్రెస్సులు, రబ్బరు ఉడికే వాసన, గోడ వారగా బల్లలు. అక్కడ కుక్కలు ఆడుకునే బంతులు చేస్తారు, నొక్కితే కీచుమనేవి. ఆ కీచుమనడాన్ని వాళ్లు 'కూత' అంటారు. బంతికి ఒకే చిల్లు ఉంటుంది, చిల్లులో చిన్న పీక ఉంటుంది. నొక్కితే లోపలి గాలంతా ఆ ఒక్క దారినే రావాలి కాబట్టి పీక కూస్తుంది. అచ్చులోంచి వచ్చిన ప్రతి బంతినీ ఎడమ చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి నొక్కి, మంచిదైతే కుడివైపు పెట్టెలోకి, కాకపోతే ఎడమవైపు బుట్టలోకి వేసే పని ఒకావిడది. కార్ఖానాలో ఆమెను చెవిపిన్ని అంటారు. యజమానికీ పిన్నే, ప్యాకింగ్ పిల్లలకూ పిన్నే, టీ తెచ్చే ముసలాయనకూ పిన్నే. ఆ ముసలాయన ఆమె కన్నా వయసులో చాలా పెద్ద.

చెవి అలాంటిది మరి. ఆ వీధికి కోడలిగా వచ్చినప్పుడు భర్త ప్రెస్సు మీద పనిచేసేవాడు. ఆయనకు అన్నం తెచ్చిపెట్టి, గుమ్మం దగ్గర కూర్చుని వింటూ, "ఆ వేసినదాంట్లో పీక వంకరగా ఉంది" అని చెప్పేదట. విప్పి చూస్తే నిజమేనట. ఇప్పటి యజమాని తండ్రి ఆమెకు ఒక స్టూలు వేయించాడు. భర్త పోయాడు, ఆ తండ్రీ పోయాడు, ఆమె స్టూలు మీదే ఉంది. అన్నేళ్లూ వినీ వినీ ఆవిడకు ఏ చప్పుడు విన్నా తప్పు పట్టబుద్ధవుతుంది. పాటలు వినదు. ఎదురింటి పసివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, "వీడి ఏడుపులో ఎక్కడో గాలి పోతోంది, డాక్టరుకు చూపించండి" అంది. వాళ్లు వారం పాటు మాట్లాడలేదు.

కూత సరిగా లేని బంతులకు ఆమె పేర్లు పెట్టింది. పీక బిగిసిపోతే 'మూలుగు'. పీకే లేకపోతే 'మూగది'. అచ్చులో సూది జారి బంతికి రెండు చిల్లులు పడితే, గాలి అటో సగం ఇటో సగం పోయి, నొక్కినప్పుడు హుస్సుమని ఊరుకుంటుంది. దాని పేరు 'నిట్టూర్పు'. ఆమెకు అన్నిటికన్నా చిరాకు నిట్టూర్పులంటే. మూలుగునైనా పీక మార్చి బాగుచేయొచ్చు, నిట్టూర్పుకు మందు లేదు. అవి తిన్నగా బుట్టలోకి, బుట్టలోంచి పనివాళ్ల ఇళ్లకు, వీధి కుక్కలకు.

ఆమె కార్ఖానా వెనక రెండు గదుల ఇంట్లో చెల్లెలితో ఉంటుంది. చెల్లెలు కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే కత్తెర చూపిస్తుంది. ఒకావిడ కర్టెన్లకు కొలతలిచ్చి, చేతిలో ఉన్న కుక్కపిల్లను, "కాసేపు చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని వదిలి వెళ్లిందట. కర్టెన్లూ మిగిలాయి, కుక్కా మిగిలింది. కర్టెన్లు వాళ్ల కిటికీలకు వేలాడుతున్నాయి. కుక్క గుమ్మంలో ముందుకాళ్లు మడిచి కూర్చుని, వచ్చినవాళ్లందరి చేతులూ సంచులూ వాసన చూసి గానీ లోపలికి పోనివ్వదు. అందుకని దాని పేరు సూపర్నెంటు. నన్ను మూడోసారికి గానీ లోపలికి రానివ్వలేదు.

ఇక అసలు సంగతి. యజమాని కొత్తగా చిన్న సైజు అచ్చులు చేయించాడు. చిన్న బంతికి రబ్బరు తక్కువ, కూత ఎక్కువ. ఎర్ర రంగు, నున్నగా, చేతిలో జారిపోయేట్టు. మొదటి రోజు తీసిన వాటిల్లో ఒకటి ఎంత బాగా కూసిందంటే, పిన్ని దాన్ని పెట్టెలో వేయబుద్ధికాక, అడిగి ఇంటికి తెచ్చుకుంది. అన్నేళ్లలో ఆమె కార్ఖానా నుంచి అడిగి తెచ్చుకున్న వస్తువు అదొక్కటేనని చెల్లెలు చెప్పింది. సూపర్నెంటు అప్పటిదాకా నిట్టూర్పులతోనే ఆడుకునేవాడు. "ఇన్నాళ్లకు సార్‌కి అసలు సరుకు," అని పిన్ని బంతి విసిరింది.

సెలవు రోజు మధ్యాహ్నం. నేను దిండు గలీబుల కోసం వెళ్లి అక్కడే కబుర్లలో పడ్డాను. కుక్క గాల్లోకి ఎగిరి బంతిని నోట పట్టింది. నేల మీద దిగింది. తరవాత ఏ చప్పుడూ లేదు.

ఆ చప్పుడు లేకపోవడమే జనానికి తెలియదు. గొంతుకు ఏదైనా అడ్డం పడితే దగ్గుతుంది, కేకలేస్తుంది, గోల చేస్తుంది అనుకుంటాం. గాలి పూర్తిగా ఆగిపోతే గోల చేయడానికి గాలెక్కడిది? సూపర్నెంటు ముందుకాళ్లతో మూతిని గీరుకుంటూ ఇల్లంతా వెనక్కి వెనక్కి నడిచాడు. చెల్లెలు నవ్వింది, వేషాలు వేస్తున్నాడంది. మేమూ నవ్వాం. నేను గుర్రాల వైద్యం మీద లావుపాటి పుస్తకం చదివాను, డేగల జబ్బుల మీద పాతకాలపు గ్రంథం చదివాను, పట్టుపురుగుల రోగాల మీద కూడా చదివాను. మనిషి గడపలో పడుకుని మనిషి తినేదే తినే జంతువుకు ఊపిరాడకపోతే ఏం చేయాలో ఆ అరలన్నిట్లో ఒక్క పేజీ లేదు. రాసినవాళ్లకు కుక్కలు లేవా?

కుక్క పక్కకు ఒరిగాక, నాలుక ఊదారంగుకు తిరిగాక, అప్పుడు పరిగెత్తాం. చెల్లెలు నోట్లో వేళ్లు పెట్టి బంతిని పట్టుకోబోయింది. నున్నటి తడి రబ్బరు, వేలు తగిలిన కొద్దీ లోపలికి పోయింది. గొడవకు పక్కింటి నుంచి అచ్చులాయన వచ్చాడు. ఆయన పిన్నికి మరిది, కార్ఖానాలో ప్రెస్సుల పని ఆయనదే. ప్రెస్సు దగ్గర బంతి అచ్చులో అతుక్కుపోతే ఆయన చేసే పని ఒకటుంది, సబ్బునీళ్లు పోస్తాడు. బంతి జారి వస్తుంది. ఎన్ని వేల బంతుల్ని అలా తీశాడో. మనిషి చూసింది కుక్కను కాదు, ఇరుక్కున్న బంతిని. వాకిట్లో బట్టలు నానబెట్టిన బకెట్లోంచి చెంబుతో ముంచి కుక్క నోట్లో పోశాడు. గాలి పోని చోటికి నీళ్లు పోసినట్టయింది. పిన్ని ఆయన చేతిని తోసేసింది.

గుమ్మంలో అప్పటికే జనం. అరటిపండు పెడితే మింగేస్తుందని ఒకాయన. తల మీద నీళ్లు చల్లమని ఒకావిడ. ఇంకొకతను ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. అదే ఫోనుతో ఎవరికైనా ఫోను చేయొచ్చన్న ఆలోచన అతనికి రాలేదు. అతని మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలన్న ఉద్దేశమూ లేదు.

అప్పుడు పిన్ని నేల మీద కూర్చుని కుక్క దవడ కింద చేయి పెట్టింది. బంతి ఆమె వేళ్లకు తగిలింది. అన్నేళ్లుగా ఆ వేళ్లు బంతి తగిలితే ఏం చేస్తాయో అదే చేశాయి. నొక్కి వదిలాయి.

కుక్క గొంతులో బంతి కూసింది. స్పష్టంగా, పొడుగ్గా, వంక పెట్టడానికి లేని కూత. గుమ్మంలో ఎవరో నవ్వారు. పిన్ని మొహం నేను చూశాను. అది ఎలా ఉందో చెప్పలేను.

ఆ నొక్కడంతో పరిస్థితి ఇంకా చెడింది. ఎందుకు చెడిందో తరవాత తెలిసింది. వీధి చివర పశువుల ఆసుపత్రి నంబరు చెల్లెలి కుట్టు మిషను మీద అంటించి ఉంటే నేను ఫోను చేశాను. డాక్టరు లేరు, కట్లు కట్టే అమ్మాయి ఎత్తింది. విషయం విని ఆ అమ్మాయి తీసుకురండి అనలేదు. తెచ్చేలోపు ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఫోను స్పీకరు మీద పెట్టమంది.

"నోట్లో ఎవరూ వేలు పెట్టకండి. నీళ్లు పోయకండి. బంతిని నొక్కకండి," అంది. అప్పటికి మేం ఆ మూడూ చేసి ఉన్నాం. "వెల్లకిలా తిప్పండి. ఒకళ్లు నోరు తెరిచి పట్టుకోండి. దవడ ఎముకల మధ్యన, గొంతు వైపు, బయట నుంచే బంతి తగులుతుందా?"

"తగులుతోంది," అంది పిన్ని.

"బంతి మీద కాదమ్మా. బంతి దాటి, దాని వెనక, ఛాతీ వైపు. అక్కడ రెండు బొటనవేళ్లు ఆనించండి. అక్కడి నుంచి నోటి వైపుకి నెట్టండి. గట్టిగా. భయపడకండి."

చెల్లెలు దవడలు పట్టుకుంది. అచ్చులాయన వెనక కాళ్లు పట్టుకున్నాడు. పిన్ని నెట్టింది. ఒకసారి రాలేదు. రెండోసారి, ఆమె భుజాలతో సహా ముందుకు వంగి నెట్టేసరికి, ఎర్రటి బంతి పళ్ల మధ్యకు వచ్చి, నోట్లోంచి దొర్లి, నా కాళ్ల దగ్గర ఆగింది. కుక్క గాలి పీల్చిన చప్పుడు తలుపు చెక్క పగిలినట్టుంది. ఆ చప్పుడులో పిన్ని ఏ తప్పూ పట్టలేదు.

బంతి వచ్చేసింది కదా, ఇక ఆసుపత్రి ఎందుకు అన్నారు గుమ్మంలో వాళ్లు. ఫోనులో అమ్మాయి అది విని కోప్పడింది. గొంతు లోపల వాస్తుందట, సాయంత్రానికి మళ్లీ మూసుకుపోవచ్చట, ఊపిరితిత్తుల్లోకి సబ్బునీళ్లు దిగి ఉంటే ఆ సంగతీ చూడాలట. చెల్లెలు కర్టెను పీకి కుక్కను దాంట్లో చుట్టింది.

ఆసుపత్రికి మేం చేరేసరికి డాక్టరు వచ్చారు. సూది వేశారు, మందిచ్చారు, ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. అలా వినే మనిషిని పిన్ని మర్యాదగా చూసింది. తరవాత ఆయన బంతి అడిగి తీసుకుని తిప్పి చూసి, "ఒకటే చిల్లు," అని, అలమారలోంచి గాజు సీసా దించారు. కుక్కల గొంతుల్లోంచి, పొట్టల్లోంచి ఆయన తీసినవన్నీ అందులో ఉన్నాయి. గుండీలు, ఎముక ముక్కలు, మేజోడు ఒకటి. నాలుగైదు బంతులు.

ఆయన చెప్పింది ఇది. ఒకే చిల్లున్న బంతి నొక్కుకుపోయి మళ్లీ ఉబ్బేటప్పుడు ఆ చిల్లు దేనికి ఆని ఉంటే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. గొంతులో అయితే గొంతు కండను, నోట్లో అయితే నాలుకను. నాలుక అలా బంతిలోకి దిగి వాచి కుళ్లిపోయిన కుక్కను కూడా ఆయన చూశారు. ఎదురుగా ఇంకో చిల్లుంటే ఆ దారిన గాలి వస్తుంది, పట్టు వదులుతుంది, ఇరుక్కున్నా కాస్త ఊపిరి అందుతుంది. బంతి కుక్క నోటికి మించినంత పెద్దదై ఉండాలి, రెండు చిల్లులు ఉండాలి, అంతే.

పిన్ని సీసాలోంచి ఒక బంతి తీసింది. రంగు వెలిసిపోయింది. చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. బల్ల మీద పెట్టింది. రెండోది తీసి నొక్కింది.

"ఇవి నేను మంచివని పెట్టెలో వేసినవే," అంది.

తరవాత డాక్టరు వైపు తిరిగింది.

"మీకు ఇంత తెలిసీ, సీసాలో పెట్టుకుని కూర్చున్నారా సార్?"

ఎవరికి చెప్పాలమ్మా అన్నారాయన. బంతి మీద చేసినవాళ్ల పేరుంటుందా, ఊరుంటుందా? నిజమే, ఉండదు. ఆ బంతికి కట్టే అట్టముక్క నేను చదివాను. 'మీ ప్రియ నేస్తానికి ఆనందాల కేక' అని పెద్ద అక్షరాలు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో, ఆడుకునేటప్పుడు పెంపుడు జంతువు మీద నిఘా ఉంచుట కొనుగోలుదారుని బాధ్యత అని. నిఘా అట. మేము అంతమందిమి కళ్లప్పగించి చూస్తుండగానే ఊపిరి ఆగింది. ఆ అట్టముక్క మీద ఆనందాల కేకకు చోటుంది, రెండు బొటనవేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే ఒక్క వాక్యానికి చోటు లేదు. ఆ అట్ట రాసినవాడు చదువుకున్నవాడే అయి ఉంటాడు, వాక్యంలో తప్పు లేదు.

మర్నాడు పిన్ని ఆ ఎర్రబంతిని యజమాని బల్ల మీద పెట్టింది. యజమాని చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడు ఆమె స్టూలు కింద దూరి ఆడుకున్నవాడే. జరిగింది అంతా విని, అయ్యో అని, కుక్క ఎలా ఉందని అడిగి, "గొంతులో కూడా కూసిందా?" అన్నాడు. అనేసి నవ్వు ఆపుకున్నాడు. ఆపుకోవడం ఆమె చూసింది.

"రెండో చిల్లు పెట్టించు అబ్బాయ్," అంది.

"రెండో చిల్లు పెడితే కూత ఉండదు పిన్నీ. ఆ మాట నాకు చెప్పింది నువ్వే. నిట్టూర్పుల్ని బుట్టలో పడేసిందెవరు?"

"నేనే. నీ బుట్టలోంచి వీధిలోకి పోయిన బంతితో ఒక్క కుక్కయినా చచ్చిందా? పెట్టెలోంచి పోయినవి డాక్టరు సీసాలో ఉన్నాయి. ఇన్నాళ్లూ నాతో తిరగేసి పని చేయించావు నువ్వూ, మీ నాన్నా."

కూత లేని బంతి ఎవడూ కొనడని ఆయన అన్నాడు. బజారులో అందరివీ ఒక చిల్లువేనన్నాడు. లక్షల కుక్కలు ఆడుకుంటున్నాయి, ఒకటీ అరా మింగితే బంతిదా తప్పు అన్నాడు. ఈ 'ఒకటీ అరా' అన్న మాట నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ విన్నాను. వంతెన కూలినా ఒకటీ అరా, మందు వికటించినా ఒకటీ అరా. ఆ ఒకటి ఎవరింటి గుమ్మంలో కూర్చుంటుందో వాళ్లను అడగాలి.

పిన్ని స్టూలు మీదకు వెళ్లి కూర్చుంది. బంతి తీసింది, చెవి దగ్గర పెట్టింది, నొక్కింది. చక్కటి కూత. ఎడమవైపు బుట్టలో వేసింది. ఇంకోటి తీసింది, కూసింది, బుట్టలో వేసింది. మధ్యాహ్నానికి బుట్ట పొంగి కింద దొర్లుతున్నాయి, పెట్టె ఖాళీ. ప్యాకింగ్ పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. యజమాని వచ్చి చూసి, వాదించకుండా, ఆమెను ప్యాకింగ్ బల్లకు మార్చి స్టూలు మీద తన బావమరిదిని కూర్చోబెట్టాడు. ఆ బావమరిదికి మూలుగూ కూతా ఒకటే, కనబడిన బంతినల్లా పెట్టెలో వేస్తాడు.

ప్యాకింగ్ బల్ల మీద సంచులు కుట్టే దబ్బనం ఉంటుంది. పిన్ని అట్టముక్క కట్టే ముందు ప్రతి బంతినీ తిప్పి, చిల్లుకు సరిగ్గా ఎదురుగా, దబ్బనంతో పొడిచి, మెలితిప్పి, రబ్బరు రవ్వ బయటకు తీసేది. అలా ఎన్నాళ్లు పొడిచిందో బల్ల మీద ఎవరూ చెప్పలేదు. చూసిన పిల్లలు నోరు మెదపలేదు, ఒకమ్మాయి తన దబ్బనం కూడా ఇచ్చిందట. సరుకు దుకాణాలకు పోయింది. దుకాణాల నుంచి తిరిగొచ్చింది, కూయడం లేదని. యజమాని ఒక బంతి నొక్కి, తిప్పి, పొడిచిన చోటు చూసి, నెమ్మదిగా ప్యాకింగ్ బల్ల దగ్గరకు నడిచి వచ్చాడు.

"ఇంటికెళ్లు పిన్నీ," అన్నాడు.

వీధి అంతా ఆమెనే తప్పుపట్టింది. కుక్క కోసం అన్నం పెట్టే చోట చిల్లు పెట్టిందన్నారు. మరిది అచ్చులాయన అందరికన్నా ఎక్కువ అన్నాడు, వాకిట్లో నిలబడి, నలుగురూ వినేట్టు. "నీ వల్ల రేపు ప్రెస్సు ఆగితే మేమంతా సూపర్నెంటు దగ్గర కొలువు చేయాలా వదినా?" అని. పిన్ని తలుపు మూసుకుంది. కుక్క గొంతు బొంగురుపోయింది, మెత్తటి గంజి మాత్రమే దిగుతోంది. ఆ గంజి పట్టించడమే పనిగా పెట్టుకుంది ఆమె. కార్ఖానా ఊసెత్తితే చెల్లెల్ని కూడా కసిరేది.

ఇక్కడ నాకు ఇంకా ఒళ్లు మండే ముక్క ఒకటుంది. పోయిన సరుకంతా తిరిగి రాలేదు. కొన్ని దుకాణాలు మళ్లీ అవే కావాలని అడిగాయి. కూయని బంతి. మేడల్లో, ఇరుకిళ్లలో ఉండేవాళ్లకు రోజంతా కీచుకీచుమంటే తలనొప్పట, పక్కవాటావాళ్లు గొడవట. యజమాని వెంటనే కొత్త అట్టముక్క వేయించాడు. 'నిశ్శబ్ద బంతి. మీ ఇంటి ప్రశాంతత కోసం.' ఒక ప్రెస్సు మీద రెండు చిల్లులవి, రెండో ప్రెస్సు మీద యథాప్రకారం ఎర్రటి ఒక చిల్లువి. గొంతు సంగతి ఆ అట్ట మీదా లేదు. మనుషుల చెవులకు ఇబ్బందని రెండో చిల్లు వచ్చింది. కుక్క ఊపిరి ఆగుతుందని అడిగినప్పుడు రాలేదు. చదివి అట్టను చింపేశాను, అట్ట చింపితే ఏమొస్తుంది.

యజమాని పిన్ని ఇంటికి వచ్చాడు. సూపర్నెంటు వాసన చూసి, అడ్డం లేచాడు గానీ మొరగలేకపోయాడు. నువ్వడిగిందే జరుగుతోంది కదా, వచ్చెయ్యి పిన్నీ అన్నాడు. ఇప్పుడు కూయకూడని బంతి ఏదైనా కూస్తోందేమో వినే మనిషి కావాలన్నాడు. బావమరిది పెట్టెలో వేసినవాటిల్లో సగం తిరిగొస్తున్నాయని కూడా ఒప్పుకున్నాడు.

"ఎర్రవి ఆపేశావా?"

"అవి వేరే ప్రెస్సు. వాటితో నీకు పని లేదు."

పిన్ని కుక్కను ఒళ్లోకి లాక్కుని, యజమాని చేయి పట్టుకుని దాని దవడ కింద పెట్టించింది. అక్కడ ఎంత మెత్తగా ఉంటుందో చూడమంది. అక్కడే వేళ్లు పెట్టానంది, బంతి రాకపోతే ఏమయ్యేదో చెప్పమంది. ఆయన చేయి వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఒక కుక్కకు నువ్వు ఇక్కడ రెండు వేళ్లు పెట్టి నెట్టు. అది బతికితే ఎర్ర బంతులు చేసుకో. నేనే వచ్చి పెట్టెలో వేస్తాను."

ఆయన వెళ్లిపోయాడు. ఆలోచించుకో అన్నాడు వెళ్తూ.

ఆలోచించుకుంది కాబోలు. మర్నాడు పొద్దున నేను మేడ మెట్లు దిగేసరికి పిన్ని కార్ఖానాలో ఉంది. ఆయన రమ్మన్న బల్ల దగ్గర కాదు. ఎర్ర బంతుల ప్రెస్సు పక్కన, బావమరిది స్టూలు మీద. అతను లేపబోయి, లేపలేక, టీకి పోయాడట. ప్రెస్సు దగ్గర అచ్చులాయన నిలబడి ఉన్నాడు. ఆయన అచ్చులోంచి ఒక పళ్లెం నిండా బంతులు తీశాడు. పిన్ని ఒక్కొక్క బంతీ తీసుకుని నొక్కింది. అన్నీ కూశాయి. అన్నీ బుట్టలో వేసింది. ఇంకో పళ్లెం. మళ్లీ బుట్టలో. వదినా మరిదీ మాట్లాడుకోలేదు. వాకిట్లో గొడవయ్యాక మాటల్లేవు.

మూడో పళ్లెం తీయలేదు ఆయన. ప్రెస్సు ఆపాడు. చల్లారేదాకా అచ్చు ముందు కూర్చున్నాడు. పనిముట్ల పెట్టె తెరిచాడు. ఆ రోజు ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు, గొంతు తగ్గించి. సబ్బునీళ్లు పోసినప్పుడు కుక్క తన చేతి వైపు చూసిందట. కొరుకుతుందేమో అనుకున్నాడట, కొరకలేదట. అంతే చెప్పి పనిలోకి వంగాడు. అచ్చులో చిల్లు వేసేది ఒక ఉక్కు సూది. దానికి ఎదురుగా తొలిచి, ఇంకో సూది దిగగొట్టాడు. ఒక గుంటకు కాదు, అచ్చులో ఉన్న అన్ని గుంటలకూ. ఆ పని పూర్తయ్యేదాకా పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

యజమాని వచ్చేసరికి కొత్త పళ్లెం బయటకు వస్తోంది. ఎర్రటి బంతులు, రెండేసి చిల్లులు, పీకలు లేవు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు.

అచ్చులాయన చేతులు తుడుచుకున్నాడు. "కూసేవి ఎలాగూ బుట్టలోకే పోతున్నాయి కదా బాబు గారూ. రబ్బరు దండగని మార్చాను."

"పాత సూది ఒక్కటే ఉంచి మళ్లీ బిగించు."

"బిగించను. ఇంకెవరినైనా పిలిపించుకోండి."

ఆ కార్ఖానాలో అచ్చు విప్పగలిగిన ఇంకెవరూ లేరు. అది ఆయనకూ తెలుసు, యజమానికీ తెలుసు. యజమాని ప్రెస్సును చూశాడు, బుట్టను చూశాడు, ప్యాకింగ్ బల్ల దగ్గర పని ఆపి నిలబడ్డ పిల్లల్ని చూశాడు. చివరకు పిన్ని వైపు తిరిగాడు.

"కూతే లేనప్పుడు నీకిక్కడ ఏం పని పిన్నీ? ఏం వింటావు?"

పిన్ని పళ్లెంలోంచి ఒక బంతి తీసి వెలుతురుకు ఎత్తి పట్టింది. ఒక చిల్లులోంచి చూస్తే రెండో చిల్లు వెనక కిటికీ కనిపించింది.

"వినడం ఎందుకు, కనిపిస్తోందిగా," అంది. "పక్కకు జరుగు, వెలుగుకు అడ్డం నిలబడ్డావు."